నాలుగున్నరకు కొట్టే ఆ గంట ఎవరిది?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖల, ఇంటర్మీడియట్ బోర్డుల ఉన్నతాధికారులకు,



నేను డ్రిల్లు మాస్టారిని. ఇప్పుడు పీఈటీ అంటున్నారు. ముప్ఫై ఏళ్లు సర్కారు బడిలో మెడకు విజిలు తగిలించుకుని తిరిగాను. రిటైరయ్యాక ఓ ప్రైవేటు రెసిడెన్షియల్ సంస్థలో కొన్నాళ్లు పనిచేశాను. పిల్లల్ని పరిగెత్తించడం నా వృత్తి. ఈ ఉత్తరం మాత్రం వాళ్లను పడుకోనివ్వమని అడగడానికి రాస్తున్నాను.

మొన్న జూన్‌లో మా మనవడు పదో తరగతిలోకి వచ్చాడు. వాణ్ణి చేర్చాలనుకున్న హాస్టల్ స్కూలువాళ్లు తల్లిదండ్రుల్ని పిలిస్తే, కోడలికి తోడుగా నేనూ వెళ్లాను. తెర మీద టైమ్‌టేబుల్ వేశారు. ఉదయం 4.30కి వేకప్ బెల్. 5 నుంచి 7 వరకు స్టడీ అవర్. ఆపైన స్నానం, టిఫిను, క్లాసులు. సాయంత్రం మళ్లీ స్టడీ అవర్, రాత్రి భోజనం తర్వాత మరొకటి. 10.30కి ముగింపు. ‘మరి గేమ్స్ పీరియడ్ ఎక్కడుంది?’ అని అడిగాను. ‘టెన్త్ కదండీ, ఈ ఏడాదికి తీసేశాం. ఈ ఒక్క సంవత్సరం నిద్ర ఆపుకుంటే జీవితాంతం హాయిగా నిద్రపోవచ్చు’ అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు నన్ను బాధపెట్టాయి. అయినా ఆ హాల్లోని తల్లిదండ్రులకు నేను ఉత్తరం రాయడం లేదు. ఆ స్కూలుకూ రాయడం లేదు. మీకే రాస్తున్నాను. ఎందుకంటే అలాంటి సంస్థలకు గుర్తింపు ఇచ్చేది మీరు, దాన్ని పొడిగించేది మీరు, తనిఖీ చేసేది మీరు. తరగతి గది కొలతలు అడుగుతారు. ఫైర్ సర్టిఫికెట్ అడుగుతారు. లైబ్రరీలో పుస్తకాలెన్నో అడుగుతారు. మీ హాస్టల్లో పిల్లవాడు ఎన్ని గంటలు నిద్రపోతున్నాడని ఎన్నడైనా అడిగారా?

చిన్న లెక్క చేద్దాం. పదిన్నరకు పుస్తకం మూసిన పిల్లవాడు పక్క మీదికి చేరి కన్ను మూసేసరికి పదకొండు అవుతుంది. నాలుగున్నరకు గంట. అంటే ఐదున్నర గంటల నిద్ర. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటలు, 6 నుంచి 12 ఏళ్లవాళ్లకు 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్య నిపుణుల అకాడమీ 2016లోనే చెప్పింది. అందులో అతి తక్కువైన 8 గంటలనే పట్టుకున్నా, మన పిల్లవాడికి రోజుకు రెండున్నర గంటల బాకీ. ఆదివారం వదిలేసినా వారానికి పదిహేను గంటలు. ఇంచుమించు రెండు పూర్తి రాత్రుల నిద్ర. వారానికి రెండు రోజుల జీతం కోసేస్తే ఏ ఉద్యోగ సంఘమైనా ఊరుకుంటుందా? పిల్లలకు సంఘం లేదు కాబట్టి సరిపోయింది.

నిద్ర తక్కువైతే క్లాసులో కునికిపాట్లు పడతారు, అంతేగా అనుకుంటున్నారేమో. అది పైకి కనిపించేది మాత్రమే. అసలు సంగతి కంచం దగ్గరా, గ్రౌండ్‌లోనూ జరుగుతుంది. ఆ రెండు చోట్లా నేనున్నాను, మీరు లేరు. అందుకే చెబుతున్నాను.

ముందు కంచం సంగతి. నాలుగున్నరకు లేచిన పిల్లవాడికి ఏడున్నరకు టిఫిను పెడతారు. కళ్లు వాలిపోతున్నవాడికి ఉప్మా గొంతు దిగదు. రెండు ముద్దలు కెలికి ప్లేటు పక్కన పెట్టేస్తాడు. పదకొండుకు కడుపులో మంట. మధ్యాహ్నం ఆబగా తిని క్లాసులో తూలతాడు. సాయంత్రం క్యాంటీన్ తెరవగానే చిప్సు, క్రీమ్ బిస్కెట్లు, కూల్‌డ్రింకు. రాత్రి పదిన్నర దాటాక ట్రంకుపెట్టె మూత సందున చేయి పెట్టి అమ్మ పంపిన మిక్చరు. ‘వీడు తిండిపోతండీ’ అని వార్డెన్ నాతో చెప్పేవాడు. జూన్‌లో ఒకసారి, జనవరిలో ఒకసారి పిల్లల ఎత్తూ బరువూ రిజిస్టరులో రాయడం నా పనే. కొందరికి ఎత్తు అంగుళం పెరిగేలోపు బరువు ఐదారు కిలోలు పెరిగేది. కొందరు పుల్లల్లా అలాగే ఉండిపోయేవారు. అందరి ముఖాలూ ఒకేలా పీక్కుపోయి ఉండేవి.

అది తిండిపోతుతనం కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో 8 నుంచి 11 ఏళ్ల పిల్లలు 37 మందితో ఒక పరీక్ష చేశారు. దాని ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. ఒక వారం పిల్లలు పక్క మీద ఉండే సమయాన్ని గంటన్నర పెంచారు, మరో వారం గంటన్నర తగ్గించారు. వాళ్లే పిల్లలు, అదే ఇల్లు. ఎక్కువ నిద్రపోయిన వారంలో రోజుకు సగటున 134 కేలరీలు తక్కువ తిన్నారు. రెండు మూడు క్రీమ్ బిస్కెట్లనుకోండి. ఆ వారం చివర తూకంలో 200 గ్రాములకు పైగా తక్కువ తూగారు. ఎవరూ వాళ్లను తక్కువ తినమనలేదు. పడుకోనిచ్చారు, అంతే.

న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 8 నుంచి 12 ఏళ్ల పిల్లలు 105 మందిని తీసుకుని ఇలాంటి పనే చేశారు. ఒక వారం గంట ముందు, ఒక వారం గంట ఆలస్యంగా పడుకోబెట్టారు. రాత్రికి తేడా వచ్చిన నిద్ర 40 నిమిషాల లోపే. అంతమాత్రానికే పిల్లల తిండి మారింది. నిద్ర తగ్గిన వారంలో ఎక్కువ తిన్నది అన్నమూ కూరా కాదు, చిరుతిళ్లు. 40 నిమిషాలకే అలా ఉంటే, అయ్యా, రెండున్నర గంటలకు ఎలా ఉంటుంది?

ఎందుకలా జరుగుతుందంటే, ముందుగా మెలకువగా ఉన్న గంటలు పెరుగుతాయి. నోటికి పని దొరికే సమయం పెరుగుతుంది. పైగా అలిసిన మెదడు వెంటనే సత్తువనిచ్చే తీపినీ నూనెనూ వెతుక్కుంటుంది. 2004లో షికాగోలో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. ‘ఇక చాలు’ అని మెదడుకు చెప్పే లెప్టిన్ హార్మోన్ 18 శాతం తగ్గింది. ‘ఇంకా కావాలి’ అని అడిగే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. పిల్లల్లో హార్మోన్ల లెక్క ఇంత సూటిగా తేలలేదు. కంచం లెక్క మాత్రం సూటిగానే తేలింది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని రెండింటినీ ఒకే సామెతలో కట్టిపెట్టిన మనకు ఇది ఇంకొకరు చెప్పాలా?

పిల్లల తిండి గురించి మీరు ఆలోచించలేదని అనను. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టారు. రాగిజావ తెచ్చారు. చిక్కీ ఇచ్చారు. అవి మంచి పనులు. బడి గేటుకు 50 మీటర్ల లోపు ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న తిండి అమ్మకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. అదీ మంచిదే. కానీ నిద్ర చాలని పిల్లవాడు యాభై ఒకటో మీటరు దాకా నడిచివెళ్లి పునుగులు కొనుక్కుంటాడు. తిండిని గేటు దగ్గర ఆపి, ఆ తిండి కోసం ఆరాటపడే ఒంటిని గేటు లోపల మీరే తయారుచేస్తే ప్రయోజనమేమిటి? 2016–18లో కేంద్రం దేశమంతా జరిపించిన సమగ్ర పోషకాహార సర్వేలో, బడి వయసు పిల్లల్లోనూ కౌమారంలో ఉన్నవాళ్లలోనూ పదిమందికి ఒకరు మధుమేహం గుమ్మం దాకా వచ్చి ఉన్నారని తేలింది. వాళ్లలో ఎందరు మీ స్టడీ అవర్లలో కూర్చున్నవాళ్లో లెక్క తీశారా?

ఇక గ్రౌండ్. మామూలుగా ఆలోచిస్తే, ఎక్కువసేపు మేలుకున్నవాడు ఎక్కువ కదలాలి కదా? కదలడు. నిద్ర నుంచి కోసి తెచ్చిన ఆ గంటలన్నీ బెంచీ మీద కూర్చోవడానికే పోతాయి. పొద్దున చూస్తే కూర్చునే ఉంటాడు, రాత్రి చూసినా కూర్చునే ఉంటాడు. మధ్యలో గేమ్స్ పీరియడ్ ఇచ్చినా గోడకు చేరగిలబడతాడు. 5 నుంచి 17 ఏళ్లవాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా, ఊపిరి వేగం పెరిగేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 11 నుంచి 17 ఏళ్లవాళ్లలో నూటికి 81 మంది ఆ మాత్రం కూడా కదలడం లేదని 2019లో వెల్లడించింది కూడా ఆ సంస్థే. ఆడనివాడికి రాత్రి నిద్ర సరిగా పట్టదు. నిద్ర చాలనివాడు మర్నాడు ఆడలేడు. ఆడనివాడికి అన్నం సయించదు, చిరుతిండి కావాలి. గానుగెద్దులా పిల్లవాడు ఈ చుట్టులోనే తిరుగుతుంటాడు. ఆ గానుగకు వాణ్ణి కట్టింది నాలుగున్నరకు కొట్టే గంట.

ఒకరోజు జరిగింది చెబుతాను. రెసిడెన్షియల్‌లో పనిచేస్తున్నప్పుడు కొత్త టైమ్‌టేబుల్ పెట్టిన రెండో వారం. గురువారం చివరి పీరియడు గేమ్స్. తొమ్మిదో తరగతి. విజిలు వేశాను. సగం మంది వరసలోకి వచ్చారు, సగం మంది వేపచెట్టు కింద కూలబడ్డారు. నాకు కోపం వచ్చింది. దగ్గరికి వెళ్లి గద్దించాను. ఒక పిల్లవాడు లేచి నిలబడి, ‘సార్, ఆటలొద్దు సార్. కాసేపు పడుకోనివ్వండి సార్’ అన్నాడు. ఆటల మాస్టారిని, ఆటకు బదులు నిద్ర అడిగారు. నా సర్వీసులో పిల్లలు సినిమా అడిగారు, క్రికెట్ బ్యాటు అడిగారు, సెలవు అడిగారు. నిద్ర అడగడం అదే మొదటిసారి.

సరే, పడుకోండి అన్నాను. రెండు నిమిషాల్లో అంతా నిశ్శబ్దం. వరసలో నిలబడ్డవాళ్లూ వచ్చి పడుకున్నారు. చెప్పులు తలకింద పెట్టుకుని, ఎండాకుల మీదే. ఇరవై అయిదు నిమిషాల తర్వాత లేపాను. మిగిలిన పావుగంట వాళ్లు ఖోఖో ఆడిన తీరు చెప్పలేను. ఆ సంస్థలో ఉన్నన్నాళ్లూ అంత గోల నేను మళ్లీ వినలేదు. మర్నాడు నాకు మెమో వచ్చింది: ‘విధి నిర్వహణలో నిర్లక్ష్యం వహించి, విద్యార్థుల విలువైన సమయాన్ని వృథా చేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.’

మీరు చెప్పబోయే జవాబులు నాకు తెలియనివి కావు. ‘మా కాలంలో మేమూ కోడికూతతో లేచి లాంతరు వెలుగులో చదివాం, మాకేమైంది?’ అంటారు. నిజమే, నేనూ లేచాను. కానీ కోడితో లేచినవాళ్లం కోడితోనే ముడుచుకునేవాళ్లం. ఎనిమిదింటికి ఊరంతా మాటుమణిగేది. మీరు బ్రహ్మముహూర్తాన్ని మాత్రం ఉంచుకుని సందెనిద్దరను తీసేశారు. అదేం సంప్రదాయం? పైగా యుక్తవయసులోకి అడుగుపెట్టిన పిల్లల ఒంటిలో గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది, నిద్ర ఆలస్యంగా ముంచుకొస్తుంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాల పరిశోధనతో తేల్చిచెప్పిన సంగతి అది. ఆ వయసువాడిని నాలుగున్నరకు లేపడమంటే మనల్ని రెండున్నరకు లేపినట్టే.

‘పిల్లలు ఫోన్లు చూస్తూ మేలుకుంటే మేమేం చేస్తాం?’ అంటారు. ఇళ్లలో అది నిజం. ఆ తప్పు మా పెద్దలదే, ఒప్పుకుంటాను. మరి హాస్టల్లో ఫోన్ లేదు, టీవీ లేదు, బయటికి గేటు లేదు. అక్కడ పిల్లవాడి రాత్రిని తింటున్నది ఎవరు?

‘పోటీ ప్రపంచమండీ, ర్యాంకులెలా వస్తాయి?’ అనేది మీ చివరి అస్త్రం. చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. ఆ మెదడు శాస్త్రమంతా పక్కన పెట్టి ఒక ఊరి సంగతి చెబుతాను. అమెరికాలో సియాటిల్ నగరం 2016లో హైస్కూళ్ల మొదటి గంటను 7.50 నుంచి 8.45కు జరిపింది. అలా జరిపితే పిల్లలు ఇంకా ఆలస్యంగా పడుకుంటారని అక్కడా అన్నారు. కొలిచి చూస్తే పిల్లల రాత్రి నిద్ర 34 నిమిషాలు పెరిగింది. ఆ పరిశోధకులు చూసిన తరగతుల్లో మార్కులూ మెరుగుపడ్డాయి. కాలిఫోర్నియా అయితే 2019లో చట్టమే చేసింది. 2022 జూలై నుంచి అక్కడ హైస్కూళ్లు 8.30 కంటే ముందు మొదలవకూడదు.

అమెరికా సంగతి మనకెందుకంటారా? పక్కనే ఉన్న మహారాష్ట్రను చూడండి. 2023 డిసెంబరులో అప్పటి గవర్నర్ రమేశ్ బైస్ పిల్లలకు నిద్ర చాలడం లేదని ఒక సభలో అన్నారు. రెండు నెలలు తిరిగేసరికి, నాలుగో తరగతి దాకా బడులన్నీ ఉదయం తొమ్మిది లేదా ఆ తర్వాతే మొదలవ్వాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గవర్నర్ మాట మీద అక్కడ బడిగంట కదిలింది. ఇక్కడ ఎవరు అంటే కదులుతుంది? హైదరాబాదులో ఆరున్నరకే స్కూలు బస్సు ఎక్కి, అమ్మ భుజం మీద వదిలేసివచ్చిన నిద్రను కిటికీ అద్దానికి ఆనించి పూర్తిచేసే రెండో తరగతి పాప అంటే కదులుతుందా?

కాగితాలకు మన దగ్గర ఏనాడూ కొదవ లేదు. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల ప్రాణాలు పోతుంటే ఉమ్మడి రాష్ట్రంలోనే నీరదారెడ్డి కమిటీ వేశారు. పాతికేళ్లు కావస్తోంది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోవద్దంది, రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు వద్దంది, మరీ పెందలాడే గానీ మరీ పొద్దుపోయాక గానీ చెప్పొద్దంది. వీధిలోని ట్యూషన్ సెంటరుకు ఉన్న ఆ నియమం, కాలేజీ బోర్డు పెట్టుకుని లోపల అదే కోచింగ్ నడిపే సంస్థకు ఎందుకు వర్తించదు? బోర్డు మీద పేరు మారితే పిల్లవాడికి నిద్ర అవసరం తగ్గిపోతుందా?

ఇక నేను అడిగేవి పెద్దవేం కావు. బడ్జెట్ అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. గుర్తింపు దరఖాస్తులో ఒక్క గడి పెంచండి: ‘రాత్రి లైట్లు ఆర్పే సమయం, ఉదయం గంట కొట్టే సమయం’. ఆ రెంటి మధ్య ఎనిమిదిన్నర గంటలు లేకపోతే దరఖాస్తు తిప్పి పంపండి. పదో తరగతైనా, ఇంటర్ రెండో సంవత్సరమైనా, జనవరి ఫిబ్రవరుల్లోనైనా ఆటల పీరియడును తాకకూడదని రాయండి. విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. ఆడే సమయం లేని బడికి ఆటస్థలం దేనికి, కార్లు పెట్టుకోవడానికా? చిన్న తరగతుల గంటను తొమ్మిదికి జరపండి. లేచిన పిల్లవాడికి ముందు టిఫిను, తర్వాతే పుస్తకం అనండి. మీ సర్కారు బడుల్లో పదో తరగతి స్పెషల్ క్లాసులకూ ఇదే కొలత పెట్టండి. పక్కవాడికి నీతి చెప్పేముందు మన పెరడు ఊడ్చుకోవాలి.

ఇంకొక్కటి. తనిఖీకి ఉదయం పదకొండింటికి రాకండి. ఆ వేళకు కారిడార్లు కడిగి ఉంటాయి, పిల్లలు యూనిఫాంలో ఉంటారు, మీకు టీ సిద్ధంగా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు రండి. డార్మిటరీ గుమ్మంలో నిలబడండి. గంట మోగాక కళ్లు తెరవకుండానే బకెట్టు వెతుక్కుంటూ నడిచే పిల్లల్ని చూడండి. ఆ తర్వాత ఏడున్నరకు మెస్సులోకి వెళ్లి, చెత్తబుట్టలో పడ్డ ఉప్మాను చూడండి. సాయంత్రం గ్రౌండ్‌కి రండి, ఎవరైనా ఉంటే. ఈ మూడూ ఒకే రోజున చూస్తే నా ఉత్తరంలో సగం మీకు అక్కర్లేదు.

ఇళ్లలో మనం పిల్లల్ని తిండిపోతులంటున్నాం, బద్ధకస్తులంటున్నాం, ఫోనుకు అతుక్కుపోయారంటున్నాం. డైటింగులూ జిమ్‌లూ పురమాయిస్తున్నాం. పిల్లవాడి తప్పు ఇందులో ఎంత? వాడికి ఆకలి ఎప్పుడు వేయాలో, ఏది తినాలనిపించాలో, కాళ్లలో పరుగు ఉండాలో లేదో నిర్ణయిస్తున్నది ఆ గంట. గంట కొట్టేది వాచ్‌మనే. కానీ ఆ తాడు రెండో కొస మీ ఆఫీసులో ఉంది.

ఆనాటి మెమోకు నేను సంజాయిషీ రాయలేదు. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేశాను. విలువైన సమయాన్ని వృథా చేశానన్న మాట మాత్రం ఇన్నేళ్లూ లోపల గుచ్చుతూనే ఉంది. వేపచెట్టు కింద ఆ ఇరవై అయిదు నిమిషాలూ వృథా కాలేదని ఇప్పుడు రాసి ఇస్తున్నాను. ఇదే నా సంజాయిషీ.

మీది రావలసి ఉంది.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు